అవ్వ నోట సినిమా పాట

రెండు వేల ఇరవై మూడు, వేసవి. చింతామణిలో బస్టాండు వెనక సందులో నా దుకాణం. బోర్డు మీద ఇప్పటికీ ‘టీవీ, వీసీఆర్ రిపేరి’ అనే ఉంది గానీ వీసీఆర్ పట్టుకుని మనిషి వచ్చి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది ట్రాన్స్‌ఫర్ పని. అంటే పాత వీడియో క్యాసెట్టును మెషీన్లో ఆడించి, కంప్యూటర్లోకి ఎక్కించి, పెన్ డ్రైవ్‌లో వేసి ఇవ్వడం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గౌరిబిదనూరు వైపు నుంచి కూడా నా దగ్గరికే వస్తారు. తక్కిన మెకానిక్కులు తమ మెషీన్లను పాత సామాన్లవాడికి వేసేశారు. నేను వెయ్యలేదు. అదొక్కటే నా గొప్ప.

వచ్చే క్యాసెట్లలో ముప్పాతిక పెండ్లివే, అందులోనూ తొంభైల నాటివే. తెచ్చేవాళ్ళకు పెండ్లి కంటే దాని మీద ఉన్న పాటలు ముఖ్యం. తొంభైల పాటలంటే ఇప్పుడు జనానికి కొత్త పిచ్చి పట్టింది. అమ్మానాన్నల పెండ్లి వీడియోలో నుంచి అర నిమిషం ముక్క కత్తిరించి ఫోన్లో పెడితే లైకులు వస్తాయట. ఆ పాటల మీద నాకు కోపం లేదు. కన్నడం, తెలుగు, హిందీ, ఏ హిట్టు పాటయినా పల్లవి మొదలవకముందే చెప్పేసేవాణ్ణి నేను. ఊళ్ళోకి కేబుల్ వచ్చిన కొత్తలో మ్యూజిక్ వీడియోలు చూస్తూ సోల్డరింగ్ ఐరన్ చేతిలోనే మరిచిపోయి చొక్కా కాల్చుకున్నవాణ్ణి. నా కోపమంతా ఆ పాటల్ని పట్టుకుని మనవాళ్ళు చేసిన పని మీద.

ఆ పనికి పేరు మిక్సింగ్. వీడియో తీసేవాడు పెండ్లిలో తీసిన అసలు క్యాసెట్టును ఇంటివాళ్ళకు ఇచ్చేవాడు కాదు. దాన్నుంచి ఒక నకలు తీసేవాడు. ఆ నకలు తీసేటప్పుడే పెండ్లిలోని శబ్దమంతా ఆపేసి, దాని బదులు హిట్టు పాటలు ఎక్కించేవాడు. కేబుల్లో మ్యూజిక్ వీడియోలు చూసి వీళ్ళకు ఒళ్ళు తెలియకుండా పోయింది. పెండ్లికూతురు గుండె బొమ్మలో తిరుగుతుంది, పెండ్లికొడుకు గులాబీలో నుంచి పుట్టుకొస్తాడు, తాళి కట్టే చోట హంసలు ఈదుతాయి. ఇంటిల్లిపాదీ నోళ్ళు ఆడిస్తుంటారు. ఒక్కరి గొంతూ వినపడదు.

సుజాతమ్మ వచ్చిన రోజు దుకాణంలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. మండికల్ దగ్గర పుట్టిన ఊరు, చింతామణి పక్క పల్లెకు కోడలు. పాలడెయిరీలో పాలు పోసి, అటునుంచి అటే బస్సెక్కి వచ్చింది. రవిక గుడ్డలో చుట్టిన క్యాసెట్టును బల్ల మీద పెట్టింది.

“నా పెండ్లిదప్పా. తొంభై ఆరులో. మా దివ్య పెండ్లి కుదిరింది, అంతలోపల చేసీయల్ల.”

“పాటలు బాగుండాయామ్మా?” అని అలవాటుగా అడిగాను.

“పాటలు నాకు వద్దప్పా. ఆ పాటలన్నీ తీసేయల్ల.”

ఇన్నేళ్ళలో పాటలు తీసేయమన్న మనిషి ఈమె ఒక్కతే. ఎందుకని అడిగాను.

“తీసేస్తే కింద మా అవ్వ పాట ఉంటాది కదా. అది కావల్ల నాకు.”

నేను తల పట్టుకున్నాను. ఆమె లెక్కలో శబ్దమంటే దుప్పటి. పైది లాగేస్తే కిందది అట్లాగే ఉంటుంది. కూర్చోమని, ఆ పాట సంగతి ఏమిటో చెప్పమన్నాను.

వాళ్ళ ఇంట పెండ్లికూతుర్ని పీట మీదికి పిలవడానికి ఒక పాట ఉంది. ఆ పీటను మా వైపు కన్నడం మాటతో ‘హసె’ అంటారు. పాటలో వేరే కథ ఏమీ లేదు, అన్నీ పేర్లే. పెండ్లికూతురి తల్లిని కన్నది ఎవరు, ఆ కన్నామెను కన్నది ఎవరు అంటూ తల్లి వైపు ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుంటూ వెనక్కి, ఆ కుటుంబం మొదట ఈ సీమకు వచ్చినప్పటి ఆమె దాకా పోతారు. అందరూ వచ్చి కూర్చున్నాకనే పెండ్లికూతురు కూర్చోవాలి. పేర్లు పాడేది ఇంటికి పెద్దామె ఒక్కతే. తక్కినవాళ్ళు ‘సోబానే’ అని అందుకోవడమే. ఊపిరి అందకపోతే సాయానికి పక్కన ఒక జత మనిషి నిలబడుతుంది.

“మా అమ్మను కన్న అవ్వ నరసమ్మ. అవ్వ తర్వాత మా అమ్మ నేర్చుకోవల్ల. మా అమ్మ అవ్వ కంటే ముందే పోయింది. నాకు మొదటి పేర్లు రెండే తెలుసు. ఇప్పుడు నా బిడ్డ పెండ్లి. పాడాల్సింది నేనే కదప్పా.”

ఆ పేర్లు ఇంకెక్కడా లేవు. భూమి పహణీల్లో ఆ ఇంటి మగవాళ్ళ పేర్లు తాత ముత్తాతల నుంచి ఉన్నాయి. ఆడవాళ్ళు ఉన్నది ఆ పాటలోనే.

క్యాసెట్టుకు బూజు పట్టి ఉంది. తుడిచి, మెషీన్లో పెట్టి, బొమ్మ వణకకుండా ట్రాకింగ్ సరిచేశాను. చప్పర, అదే పెండ్లి పందిరి, కనిపించింది. హసె కనిపించింది, దాని పక్కన ముదురాకుపచ్చ చీరలో నరసమ్మవ్వ. ఆమె నోరు తెరిచింది. ఆ నోట్లోనుంచి కాలేజీ పిల్ల వెంటపడే మగవాడి పాట వచ్చింది, డ్రమ్ములతో సహా. ఇంకో చోట, ఇంకో రోజు అయితే నవ్వేవాణ్ణేమో. సుజాతమ్మ ముఖం చూశాక నవ్వు రాలేదు.

నాకు తెలిసిన ఒకే ఒక దారి చూశాను. కొన్ని మెషీన్లలో శబ్దం రెండు చోట్ల పడుతుంది. టేపు అంచున ఒకటి, బొమ్మతో కలిసి లోపల ఒకటి. లోపలి దాన్ని హైఫై ట్రాక్ అంటారు. అంచున ఉన్నదాన్ని తుడిచి పాట ఎక్కించినా, బొమ్మ ఉన్నంత వరకు హైఫై ట్రాక్ చెక్కుచెదరదు. నకలు తీసినవాడు అట్లాంటి మెషీన్లో ముందు శబ్దంతో సహా తీసి, తర్వాత పాట ఎక్కించి ఉంటే అవ్వ గొంతు దొరికేది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ట్రాక్ పెట్టాను. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

“లేదమ్మా. ఈ క్యాసెట్టులో మీ అవ్వ గొంతు ఎప్పుడూ లేదు” అన్నాను. అయితే అసలు క్యాసెట్టు తీసినవాడి దగ్గర ఉండదా అని ఆమె అడిగింది.

తీసినవాడు బాగేపల్లి చలపతి. నాకు పాత పరిచయమే, వాడి మెషీన్లు చాలాసార్లు బాగుచేశాను. ఇప్పుడు వాడిది ఫ్లెక్సులు కొట్టే దుకాణం. మరుసటి రోజు ఇద్దరం పోయాం. ఏదో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సు ఆరబెడుతున్నాడు.

“అసలు క్యాసెట్టా?” అని నవ్వాడు చలపతి. “దాని మింద ఇంకో పెండ్లి తీసింటా. దాని మింద ఇంకోటి. టేపు అరిగిపోయేదాకా అట్లనే కదప్పా తీస్తాంటిమి, నీకు తెలీదా?”

తెలుసు. ఒక పెండ్లి మీద ఇంకో పెండ్లి తీయడం అందరూ చేసిన పనే. తెలిసినా ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది.

“పెద్దామె పేర్లు పెట్టి పాడతాంటే దాని మింద ఆ పాట ఎక్కియ్యనీకె నీకు చేతులెట్ల వచ్చెప్పా?”

“ఏమప్పా, నామింద ఎగరతావు? ముసలోళ్ళ రాగాలు ఎవురికి కావాల? వాళ్ళ నాయినే చెప్పె నాకు, టీవీలో వచ్చే పాటల మాదిరి ఉండల్ల అని. కస్టమర్ చెప్పింది చేసినా.”

తండ్రే అడిగి ఉంటే ఏమంటాం? సుజాతమ్మ మాత్రం తడుముకోలేదు.

“మా నాయిన పాటలు ఎయ్యమన్నాడు, నిజమే. మా అవ్వ నోరు ముయ్యమని చెప్పలేదు కదప్పా.”

చలపతి ఫ్లెక్సు వైపు తిరిగి నిలబడ్డాడు. మేం మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచి, “పాప పెండ్లికి ఒక ఫ్లెక్స్ ఊరికే కొట్టిస్తాలేమ్మా, పెద్దది” అన్నాడు. వాడు మంచి మనసుతోనే అన్నాడు. అందుకే నాకు ఇంకా ఎక్కువ మండింది. ఒక ఇంటి ఆడవాళ్ళందరి పేర్లు తుడిచేసి, దానికి బదులు నవ్వే మొహాల ఫ్లెక్సు ఇస్తాడట. తాను చేసిందేమిటో ఆ మనిషికి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. నేను ఎక్కించి ఇచ్చిన వీడియోలో నుంచి హసె దగ్గరి ముక్కను దివ్య నెట్‌లో పెట్టింది. ముత్తవ్వ పాట తెలిసినవాళ్ళు బంధువుల్లో ఎవరైనా ఉంటే చూసి చెబుతారని ఆ పిల్ల ఆశ. సాయంత్రానికల్లా మెసేజి వచ్చింది, ఇందులోని పాట ఫలానా కంపెనీ సొత్తు, కాబట్టి శబ్దం ఆపేశామని. దివ్య దాన్ని నాకు ఫోన్లో చదివి వినిపించింది. ఆ పాటకు ఇన్నేళ్ళ తర్వాత కూడా సొంతదారుడున్నాడు. కంప్యూటరే వెతికి పట్టుకుని, ఇది మాది అని చెబుతుంది. మంచిదే, పాట కట్టినవాళ్ళకు దక్కాల్సింది దక్కాలి, కాదనను. మరి ఆ పాట కింద నలిగిపోయిన పాటకు సొంతదారులు లేరా? అవ్వ గొంతు తుడిచినవాడికి ఏ కంపెనీ నుంచీ మెసేజి రాలేదు. రాదు కూడా.

కానీ ఆ మూగ వీడియో చూసిన ఒక చుట్టం ఫోన్ చేసి, అవ్వ పక్కన జతగా నిలబడింది రామక్క కదా, ఆమె మంచేనహళ్ళిలో కొడుకు దగ్గర ఉందని చెప్పాడు. రామక్క నరసమ్మవ్వకు తమ్ముడి భార్య. చాలా కాలంగా రాకపోకలు లేక, ఆమె బతికి ఉందన్న సంగతే సుజాతమ్మకు తెలియదు. కంప్యూటర్, రికార్డరు సంచీలో వేసుకుని నేనూ తోడు పోయాను. ఇది నా పని కాదు, కూలీ కూడా రాదు. అయినా ఆ కోపంలో దుకాణంలో కూర్చోలేకపోయాను.

రామక్కవ్వ వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చూపు బాగానే ఉంది, చెవులు కొంచెం మందం. సుజాతమ్మను గుర్తుపట్టి దగ్గరికి తీసుకుంది. పాట అడగ్గానే చెయ్యి అడ్డంగా ఊపింది.

“యాడ గుర్తుంటాది తల్లీ? ఎన్ని ఏండ్లాయ పాడక. ఇప్పుడు పెండ్లికి పోతే పాడేదానికి సందు యాడ ఉండాది? అంతెత్తు బాక్సులు పెట్టి వాయిస్తాండారు. మేము పోయి అన్నం తిని వస్తాండాము.”

వీడియో చూపిస్తే ఏమైనా తోస్తుందేమోనని కంప్యూటర్ తెరిచాను. వదినను చూడగానే ముసలామె ముందుకు వంగింది. పాట మొదలైంది, అదే మగవాడు, అవే డ్రమ్ములు. రామక్కవ్వ ముఖం చిట్లించింది.

“ఆ మొగోని గొంతు ముయ్యప్పా. మా వదిన కనపడలేదు నాకు.”

వినపడలేదు అనలేదు, కనపడలేదు అంది. శబ్దం ఆపేశాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. నరసమ్మవ్వ నోరు కదిలింది, కుడిచెయ్యి తాళం వేసింది. రామక్కవ్వ చెయ్యి కూడా మోకాలి మీద తాళం వేయసాగింది. మూడోసారి పెట్టినప్పుడు గొంతు వచ్చింది. సన్నగా, వణుకుతూ, కానీ పెదాలతో సరిగ్గా కలిసి వచ్చింది.

“నరసమ్మను కన్నతల్లి ఎవరమ్మా సోబానే, ఎల్లమ్మ కన్నతల్లి, హసెకు రావమ్మా సోబానే. ఎల్లమ్మను కన్నతల్లి ఎవరమ్మా సోబానే, గంగమ్మ కన్నతల్లి...”

సుజాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రికార్డరు దగ్గరగా పట్టుకున్నాను. గంగమ్మను కన్నతల్లి ఎవరమ్మా అని రామక్కవ్వ ఎత్తుకుంది. సరిగ్గా అక్కడ తెర మీద నరసమ్మవ్వ ముఖం చిన్నదై, మూలకు జరిగి, మాయమైంది. దాని బదులు రెండు గుండె బొమ్మలు వచ్చాయి. ఒకదాంట్లో పెండ్లికూతురు, ఇంకోదాంట్లో పెండ్లికొడుకు. చుట్టూ హంసలు.

రామక్కవ్వ ఆగిపోయింది. గుండె బొమ్మలు తిరిగాయి, ఒకటయ్యాయి, పగిలి పూలయ్యాయి. అవ్వ మళ్ళీ కనపడేసరికి పాట చివరికి వచ్చేసింది. మొదట ఈ సీమకు వచ్చిన ఆమె పేరు అక్కమ్మ. అది దొరికింది. గంగమ్మకూ అక్కమ్మకూ నడుమ ఉన్నవాళ్ళు దొరకలేదు. ముగ్గురో నలుగురో, ఎంతమందో రామక్కవ్వకు కూడా తెలియదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి పెట్టినా ఆ హంసల దగ్గరే ఆగిపోయింది.

“మూతి కనపడకుంటే ఎట్ల చెప్పేదప్పా?” అంది నా వైపు తిరిగి. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది. నాకు ఆ కంప్యూటర్ను నేలకేసి కొట్టాలనిపించింది. గొంతు తుడిచింది చాలక ముఖం కూడా కప్పేశారు. ఎవరో మ్యూజిక్ వీడియోలో చూసిన సోకు ఇది. దాన్ని తెచ్చి ఈమె ముఖం మీదే వెయ్యాలా?

దివ్య పెండ్లి చిక్కబళ్ళాపురం దగ్గర కల్యాణ ఛత్రంలో. నన్ను పిలిచారు, నేను రెండు రికార్డర్లు తీసుకుని పోయాను. వీడియోవాళ్ళు కుర్రవాళ్ళు, డ్రోను, పెద్ద కెమెరాలు, మంచి పనివాళ్ళలాగే ఉన్నారు. హసె దగ్గర పెండ్లికూతురి తల్లి పాడుతుంది, దగ్గర ఒక మైకు పెట్టమని ముందే చెప్పాను.

“లైవ్ సౌండ్ వాడేదిల్లా సార్. పైన మ్యూజిక్ వేస్తాము. ఇప్పుడు నైంటీస్ హిట్సే ట్రెండు” అన్నాడు అందులో పెద్దవాడు, మర్యాదగానే.

ఇన్నేళ్ళ తర్వాత, ఇంత ఖరీదు సామానుతో, అదే మాట. వాడితో ఏం మాట్లాడానో నాకు సరిగా గుర్తు లేదు, చుట్టుపక్కల వాళ్ళు వచ్చి నన్ను పక్కకు లాగారు. ఇంతలో హసె వేశారు, బాక్సుల్లో పాట మోగుతూనే ఉంది. దివ్య స్నేహితులు తొంభైల పాటలే కావాలని పెట్టించారట. ఆపమని నేను సైగ చేస్తే ఆ బాక్సుల మనిషి ఆకాశం వైపు చూస్తున్నాడు. చివరికి ఆపించింది పెండ్లికూతురే. హసె ముందు నిలబడి, బాసికం సర్దుకుంటూ, “అన్నా, ఆపు. మా అమ్మ పాడాల” అంది.

బాక్సులు ఆగాయి. సుజాతమ్మ మొదలుపెట్టింది. పక్కన జతగా రామక్కవ్వ, కుర్చీలో. ఇప్పుడు పాటలో నరసమ్మవ్వ కూడా పిలిపించుకునే మనిషి. సుజాతమ్మ తల్లి వచ్చింది, నరసమ్మ వచ్చింది, ఎల్లమ్మ వచ్చింది, గంగమ్మ వచ్చింది. గంగమ్మ తర్వాత అక్కమ్మకు దాటేస్తుందనుకున్నాను, మేమందరం అనుకున్నది అదే. ఆమె దాటలేదు.

“గంగమ్మను కన్నతల్లి ఎవరమ్మా సోబానే” అని అడిగి, ఒక్క క్షణం ఆగి, తానే జవాబు పాడింది. “పేరు తుడిచేసిన తల్లి, హసెకు రావమ్మా సోబానే.”

ఆడవాళ్ళెవరూ అందుకోలేదు. ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కుర్చీలోనుంచి రామక్కవ్వ ఒక్కతే, ఉన్న గొంతంతా పెట్టి, ‘సోబానే’ అంది. అప్పుడు అందరూ అన్నారు. సుజాతమ్మ మళ్ళీ అడిగింది, ఆమెను కన్నతల్లి ఎవరమ్మా అని. మళ్ళీ అదే జవాబు పాడింది. ఎంతమంది పోయారో తెలియదు కాబట్టి తనకు చాలనిపించినన్ని సార్లు పాడి, అప్పుడు అక్కమ్మను పిలిచింది. దివ్య హసె మీద కూర్చుంది.

ఆ పాట ఇప్పుడు నా దగ్గర శుభ్రంగా ఉంది, మీద ఏమీ లేకుండా. వీడియో కుర్రవాళ్ళకు దివ్య ఒకటే మాట చెప్పిందట, అమ్మ గొంతు లేని వీడియో మాకు వద్దని. నేను రికార్డు చేసినది తీసుకుపోయి పెట్టి ఇచ్చారు. పెట్టగలిగినప్పుడు ముందే ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

ఈ కేసు నాకు నేర్పింది మెషీన్ల గురించి కాదు. అంతకుముందు ఎవరైనా క్యాసెట్టు తెస్తే బూజు ఉందా, టేపు తెగిందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు ముందుగా ఒకటే అడుగుతాను, ఇందులో పాడినవాళ్ళు, పక్కన నిలబడి అందుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే క్యాసెట్టు తీసుకోను. ముందు వాళ్ళ దగ్గరికి పో, ఫోన్లో రికార్డు చేసుకుని రా, ఈ క్యాసెట్టు ఎక్కడికీ పోదు అని కసురుకుంటాను. గిరాకీని తరిమేస్తానని మా ఇంట్లో గొణుగుతారు. తరిమేద్దామనే ఉంటుంది నాకు. కానీ ఎక్కువ మంది పోరు. క్యాసెట్టు బల్ల మీదే పెట్టి నిలబడి, “ఉండెనప్పా, నిరుడే పోయింది” అంటారు.